ఏడు రోడ్ల కారం దోశ బండి మళ్లీ మొదలైంది

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టాక కడప ఏడు రోడ్ల దగ్గరి ఈ బండి నెలల తరబడి కనిపించలేదు. నిన్న పెనం మీద చుయ్యిమన్న చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. ఎర్రకారం అంచుల దాకా పూసి, పప్పుల పొడి చల్లి, కరకరలాడేలా కాల్చారు. రుచి ఏమాత్రం తగ్గలేదు. చట్నీ మాత్రం పలచగా ఉంది. దోశ ధర 30 రూపాయల నుంచి 40కి పెరిగింది, నూనె ధర చూస్తే అది న్యాయమే.

"వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన స్వనిధి పథకం కింద 10,000 అప్పు తీసుకున్నానన్నా, 12 కంతుల్లో కట్టాల. కాలేజీలు తెరిస్తేనే గిరాకీ" అన్నాడు బండి అన్న. ఇంతకుముందు ఇద్దరు పనివాళ్లుండేవారు, ఇప్పుడు భార్యాభర్తలే చేసుకుంటున్నారు. కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. పార్సిల్ వద్దు, అక్కడే వేడివేడిగా తినండి. రేపు మా పిల్లల్ని తీసుకెళ్తున్నాను.