పిడుదుల కాలానికి సాయర్ పెర్మెత్రిన్ బట్టల స్ప్రే

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు తెలుగువాళ్లకు మే వచ్చిందంటే పెరట్లో కూరగాయల మడులు, క్రికెట్, కొండదారుల్లో నడక మొదలవుతాయి. నల్లకాళ్ల పిడుదు పిల్లలు గడ్డిలో తిరిగేదీ అప్పుడే, జులై దాకా. మన పశువులకు పట్టే గోమార్లయితే కంటికి ఆనతాయి. ఇవి గసగసాల గింజంతే. లైమ్ వ్యాధి అనే బాక్టీరియా జబ్బు ఎక్కువగా వీటి కాటుతోనే వస్తుంది. ఈ కాలంలో ఇంట్లో ఉండాల్సిన సరుకు సాయర్ కంపెనీ వాళ్ల 0.5 శాతం పెర్మెత్రిన్ (పురుగుల మందు) స్ప్రే.

ఇది బట్టలకు, బూట్లకు కొట్టే మందు. ఒంటికి కొట్టుకోకూడదు; కొట్టుకున్నా చర్మం మీద నిలవదు. ఆరాక వాసన ఉండదు. మందు పట్టిన బట్ట మీద పాకిన పిడుదు పట్టు తప్పి రాలిపోతుంది, కాసేపు అంటిపెట్టుకుంటే చస్తుంది. పిడుదులు ఎగరవు, దూకవు. గడ్డి కొసన కాచుకుని, కాలికి తగులుకుని పైకి పాకుతాయి. కాబట్టి మందు కొంచెమే ఉంటే బూట్లు, సాక్సులు, ప్యాంటు కింది భాగం తడపండి, చొక్కా సంగతి తర్వాత. బౌండరీ అవతల పొడుగు గడ్డిలోకి బంతి కోసం వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

గాలి లేనప్పుడు, ఆరుబయట, బట్టలు హ్యాంగర్‌కు తగిలించి కొట్టాలి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, ఒక్కో వైపు 30 సెకన్లు. చాలామంది పైపైన చిలకరించి వదిలేస్తారు, తర్వాత మందు పనిచేయలేదంటారు. బట్ట తడిసి రంగు ముదిరినట్టు కనబడాలి. ఆరడానికి 2 గంటలు, ఉక్కగా ఉంటే 4. అలా కొడితే 24 ఔన్సుల సీసా నాలుగైదు జతలకే సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో ఒక్క విడతకే ఖాళీ, దీనిమీద నాకున్న ఫిర్యాదు అదే. పట్టించిన మందు ఆరు వారాలు లేదా ఆరు ఉతుకులు, ఏది ముందైతే అంతవరకే. ఎండకు బలం తగ్గుతుంది, డ్రై క్లీనింగ్‌కు పోతుంది.

ఇంట్లో పిల్లి ఉంటే తడి బట్టల దగ్గరికి అస్సలు రానివ్వొద్దు, దానికి ఇది ప్రాణాంతకం. చేపలకు, తేనెటీగలకు కూడా విషమే. చేపల తొట్టి దగ్గరా, పూత మీదున్న బీర పాదు పక్కనా కొట్టకండి. చవకని, పశువుల కోసం అమ్మే గాఢమైన పెర్మెత్రిన్ తెచ్చి నీళ్లు కలిపి బట్టలకు వాడొద్దు. ఆ తయారీ వేరు, అందులో కలిపే ద్రావకాలు వేరు.

బట్ట కప్పని చోట 20 శాతం పికారిడిన్ (పురుగులు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే మందు) రాసుకోవాలి. ఇంటికి రాగానే ఆ బట్టలు డ్రైయర్‌లో ఎక్కువ వేడిమీద 10 నిమిషాలు తిప్పండి. ముందే ఉతికితే నీళ్లకు పిడుదులు చావకపోవచ్చు. స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాళ్ల వెనక, నడుము, చెవుల వెనక, జుట్టు వెతకండి. కరిచి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. అగ్గిపుల్ల, వాజిలిన్ పెట్టొద్దు. రోజుకు పైగా అంటుకుని ఉందనిపిస్తే, దాన్ని తీసేసిన 72 గంటల్లోపు డాక్టరును కలవండి, అవసరమైతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తారు.

వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చెప్పులతో పెరట్లోకి వెళ్తుంటారు. చీరకు, లుంగీకి ఈ మందు కొట్టడం దండగ. వాళ్లకో జత పాత బూట్లు, పొడుగు సాక్సులు తడిపి ఆరబెట్టి వెనక తలుపు దగ్గర ఉంచండి. వారం వారం కొండలెక్కేవాళ్లకు మాత్రం 70 ఉతుకుల దాకా నిలిచే, ఫ్యాక్టరీలోనే మందు పట్టించిన ప్యాంట్లే మేలు.