పాత డిస్కు, కొత్త ఫైబర్: నేను వాడే యూనిట్ కన్వర్టర్‌పై సమీక్ష

యూనిట్ కన్వర్టర్, అంటే ఒక కొలతను ఇంకో కొలతలోకి మార్చి చూపించే యాప్, అందరి ఫోన్లలోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఎకరాలు, సెంట్లు, కిలోల లెక్క గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను చాలాకాలంగా వాడుతున్నదాంట్లో డేటా ట్రాన్స్‌ఫర్ అని ఒక విభాగం ఉంది. అందులో టెలికాం లైన్లు, పాత డిస్కుల ఇంటర్‌ఫేసులు (డిస్కును కంప్యూటర్‌కి కలిపే పద్ధతులు) ఒకే జాబితాలో, ఒక్కోటి తన గరిష్ఠ వేగంతో వస్తాయి. మోడెమ్, ఐఎస్‌డీఎన్, టీ1, ఈ1, ఓసీ3 ఉన్న చోటే ఐడీఈ పీఐఓ, యూడీఎంఏ, స్కజీ, ఫైర్‌వైర్, యూఎస్‌బీ కూడా ఉంటాయి. ఒక అంకె కొడితే అది అన్నింటిలో ఎంతవుతుందో ఒకేసారి కనిపిస్తుంది. కర్నూలులో కంప్యూటర్లు రిపేరు చేసే నాకు ఈ ఒక్క వసతి చాలా అక్కరకొచ్చింది.

ఇక్కడ పాత సిస్టమ్‌ని ఎవరూ తొందరగా తీసెయ్యరు. నెట్ మాత్రం ఫైబర్‌కి మారిపోయింది. నెట్‌వాళ్లు ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు మెగాబిట్లలో చెబుతారు. పాత డిస్కు పెట్టె మీద సెకనుకు ఇన్ని మెగాబైట్లు అని ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సరిపోతుందని అందరికీ తెలుసు. కానీ గొడవ జరుగుతున్నప్పుడు రెండు వైపుల అంకెలూ పక్కపక్కన కళ్ల ముందు ఉండాలి.

ఒకసారి ఆదోని నుంచి ఫోటో స్టూడియో నడిపే ఆయన వచ్చాడు. ఏళ్ల తరబడి తీసిన పెళ్లి ఆల్బమ్‌లు, దాదాపు 300 జీబీ, క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నాడు. నెట్ 50 ఎంబీపీఎస్ ప్లాను. "అన్నా, నెట్టోళ్లు మోసం చేస్తాండారు. స్పీడ్ టెస్టులో యాభై చూపిస్తాది, ఫోటోలు ఎక్కించేటప్పుడు ఇరవై దాటదు" అన్నాడు. నెట్‌వాళ్లు వచ్చి, స్పీడ్ టెస్ట్ చూపించి, మా తప్పేం లేదని వెళ్లిపోయారట. మనిషి బాగా కోపంగా ఉన్నాడు, వాళ్ల మీద కంప్లయింట్ పెడతానంటున్నాడు.

కన్వర్టర్‌లో 20 ఎంబీపీఎస్ కొట్టి జాబితా కిందికి జరిపాను. యూఎస్‌బీ 1.1 వరుసలో 1.67 అని ఉంది, అంటే దాని పరిమితికి 1.67 రెట్లు. పీఐఓ (ప్రాసెసరే స్వయంగా డిస్కు డేటాను మోసే పాత, నెమ్మది పద్ధతి) మోడ్ 0 దగ్గర 0.76. ఆ మోడ్ పరిమితి సెకనుకు 3.3 మెగాబైట్లు, బిట్లలో చెబితే 26.4 ఎంబీపీఎస్. ఆయన స్పీడు సరిగ్గా దాని కిందే ఆగుతోంది. నా అనుమానం వెంటనే నెట్ మీద నుంచి డిస్కు మీదికి మళ్లింది. స్పీడ్ టెస్ట్ పంపే డేటా మెమరీలోంచి పోతుంది, హార్డ్ డిస్కు జోలికే వెళ్లదు. అందుకే టెస్ట్‌లో యాభై వస్తుంది, ఫోటోలకు రాదు.

ఆ సిస్టమ్ తెప్పించి చూస్తే, విండోస్ 7, ఐడీఈ డిస్కు. ఏదైనా కాపీ పెడితే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ ఛానెల్ తెరిస్తే కరెంట్ మోడ్ (ఇప్పుడు నడుస్తున్న మోడ్) పీఐఓ అని కనిపించింది. లోపల ఎనభై తీగల రిబ్బన్ కేబుల్ కనెక్టర్ దగ్గర బాగా మడత పడి, రెండు మూడు తీగలు నలిగి ఉన్నాయి. డేటా తప్పులు పదే పదే వస్తే విండోస్ తనంతట తానే డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండా డేటా నేరుగా మెమరీకి పోయే వేగమైన పద్ధతి) నుంచి కిందికి దిగుతూ చివరికి పీఐఓకి వచ్చేస్తుంది. కేబుల్ మార్చినా పైకి ఎక్కదు. అందుకే కొత్త కేబుల్ వేసి, డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్‌ని తీసేసి రీస్టార్ట్ చేశాను. అల్ట్రా డీఎంఏ మోడ్ 5 వచ్చింది. ముప్ఫై మూడు గంటలు పట్టాల్సిన 300 జీబీ, పూర్తి స్పీడు దొరికితే పదమూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతుందని లెక్క కూడా వేసి చూపించాను. నెట్‌వాళ్ల మీద కంప్లయింట్ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పాలి. ఈ జాబితాలో ఉన్నవన్నీ గరిష్ఠ పరిమితులే, చేతికొచ్చే స్పీడు కాదు. యూఎస్‌బీ 2.0కి 480 ఎంబీపీఎస్, అంటే 60 మెగాబైట్లు చూపిస్తుంది. నిజంగా వచ్చేది ముప్ఫై, నలభై మధ్య. మొదటి తరం సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన డిస్కు ఇంటర్‌ఫేసు) 1.5 గిగాబిట్లకు ఇది 187.5 మెగాబైట్లు అంటుంది. అది తప్పు దారి పట్టించే అంకె. సాటాలో ఒక్కో బైటుకు తీగ మీద పది బిట్లు పోతాయి కాబట్టి అసలు పరిమితి 150. కస్టమర్‌కి చూపించేటప్పుడు ఈ వరుసను నేను వాడను.

కిలో అంటే 1000 అనా, 1024 అనా అనే గొడవ కూడా ఉంది. మెగాబైట్‌కు రెండు వరుసలు ఇచ్చారు. 100 ఎంబీపీఎస్ కొడితే ఒకదాంట్లో 12.5, ఇంకోదాంట్లో 11.92. టెలికాంలో కిలో అంటే ఎప్పుడూ వెయ్యే, ఫైల్ కాపీ అయ్యేటప్పుడు విండోస్ చూపించేది మాత్రం 1024 లెక్క. ఏ వరుస దేనికో ఎక్కడా రాయలేదు, కొత్తవాళ్లకు టెన్షన్ తప్పదు.

నాకు బాధ కలిగించేది ఈ1 విషయం. అమెరికా వాళ్ల టీ1, 1.544 ఎంబీపీఎస్, జాబితా పైన ఉంటుంది, సిగ్నల్ (లైన్ మొత్తం వేగం) ఒకటి, పేలోడ్ (అందులో మన డేటాకి మిగిలేది) ఒకటి అని రెండు వరుసలతో. మన ఎక్స్ఛేంజీల్లో నడిచిన ఈ1, 2.048 ఎంబీపీఎస్, ఎక్కడో కింద ఒకే వరుస. ఈ1లోని ముప్ఫై రెండు 64 కేబీపీఎస్ స్లాట్లలో (భాగాల్లో) ఒకటి సింక్‌కి (రెండు చివరలూ ఒకే తాళంలో నడవడానికి), ఇంకొకటి సిగ్నలింగ్‌కి (కాల్ కలపడం, తెంచడం) పోతే ఫోన్ మాటలకు మిగిలేది ముప్ఫై. ఆ లెక్క ఇందులో దొరకదు. ఆ ఒక్క స్లాటు, 64 కేబీపీఎస్ లీజ్డ్ లైన్ (అద్దెకు తీసుకున్న సొంత లైను) మీద బ్యాంకు బ్రాంచీలు నడిచిన రోజులు నాకు తెలుసు. ఒక ఫ్లాపీ నిండా ఉన్న డేటా పోవడానికి మూడు నిమిషాల పైనే పట్టేది. ఫ్లాపీ డ్రైవ్ చదివే వేగం 500 కేబీపీఎస్, లైన్ కంటే దాదాపు ఎనిమిది రెట్లు. ఈ సంగతి కూడా ఈ జాబితాలోనే మొదటిసారి గమనించాను.

ఎస్ఎస్‌డీ ల్యాప్‌టాప్, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లకు ఇది కొనమని చెప్పను, నోటిలెక్క చాలు. పాత సిస్టమ్‌లు బల్ల మీద పెట్టుకుని కూర్చునే పని మీదైతే మాత్రం ఫోన్‌లో ఉంచుకోండి. ఉచిత వెర్షన్‌లో ప్రకటనలు ఎక్కువే, నేను ఓర్చుకుంటున్నాను. ఈ1ని పైకి తెచ్చుకునే వీలు, సాటా అంకె సవరణ వచ్చిన రోజు డబ్బు కట్టి తీసుకుంటాను.