తలకు దెబ్బ తగిలాక మిగిలిన లోపానికి కాగితం: నిమ్హాన్స్ న్యూరోసైకాలజీ రిపోర్టు ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (మెదడు, నరాలు, మానసిక జబ్బులు చూసే కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి) ఓపీలో తెలుగు వినపడని రోజు ఉండదు. హిందూపురం, మదనపల్లె, అనంతపురం నుంచి వచ్చేవాళ్ళే సగం అనిపిస్తుంది. ఈ రివ్యూలో ఎమర్జెన్సీ గురించి, ఆపరేషన్ల గురించి రాయడం లేదు. కుట్లు మానిపోయి నెలలు గడిచాక మిగిలే మతిమరుపు, చిరాకు, తలతిరుగుడు, పని మీద నిలవని ధ్యాస ఉంటాయి చూడండి, వాటికి ఇన్సూరెన్సు కంపెనీ, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్, ఆఫీసు ఒప్పుకునే కాగితం అక్కడ ఎలా దొరుకుతుందన్నదే విషయం. పరీక్ష నాణ్యతకు మంచి మార్కులే వేయాలి. త్వరగా అయిపోవాలనుకునేవాళ్ళకు మాత్రం కష్టం.

ముందు స్కాన్ సంగతి. సీటీ నార్మల్ అని రాగానే ‘ఏమీ లేదు’ అని ఫైలు మూసేస్తారు చాలామంది. సీటీ పని రక్తస్రావం, ఎముక విరగడం పట్టుకోవడం. దెబ్బ ఊపుకు మెదడులోని నరాల తంతువులు సాగి తెగితే అందులో తరచుగా కనపడదు. ఎంఆర్ఐలో ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్స్ (రక్తపు మరకలను పట్టే తరహా చిత్రం) ఉంటే చిన్న చిన్న రక్తపు చుక్కలు బయటపడొచ్చు, కాబట్టి ఎంఆర్ఐ రాసినప్పుడు అది ఉందో లేదో అడగండి. అదీ నార్మల్ అని వస్తే లోపం లేదని తేలినట్టు కాదు. అప్పుడు మెదడు పనితీరునే కొలవాలి.

ఆ కొలత పేరు న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్. దీనికోసం నిమ్హాన్స్ తయారుచేసిన బ్యాటరీ, అంటే పరీక్షల సముదాయం, 2004లో అచ్చయింది. వయసు, చదువు, ఆడా మగా అన్నదాన్ని బట్టి మనవాళ్ళ మీదే తీసిన ప్రమాణాలు అందులో ఉన్నాయి. 15వ పర్సెంటైల్ కంటే తక్కువ వస్తే, అంటే అలాంటివాళ్ళు వందమందిలో అడుగున 15 మందిలో పడితే, లోపంగా లెక్క. అమెరికా పట్టికలతో పోల్చి ఇచ్చే ప్రైవేటు రిపోర్టుల కంటే ఇది వాదనకు నిలబడటానికి కారణం ఇదే. ఒక పరీక్ష ఇలా ఉంటుంది: 15 మాటలు చదివి వినిపిస్తారు, గుర్తున్నవి చెప్పమంటారు. అవే మాటలు అయిదుసార్లు. మధ్యలో వేరే జాబితా ఒకటి. 20 నిమిషాలాగి మళ్ళీ మొదటి జాబితా అడుగుతారు. అయిదో విడతకు 12 చెప్పినవాడు 20 నిమిషాల తర్వాత నాలుగు దగ్గర ఆగిపోతే, ‘మర్చిపోతున్నాడు సార్’ అని ఇంట్లోవాళ్ళు ఏడాదిగా చెబుతున్న మాటకు అంకె దొరికినట్టే. రంగు వలయాల్లోని అంకెలను వరసగా కలపడం, వేలితో టకటకా తట్టడం లాంటివి ఇంకా ఉంటాయి. మొత్తానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రెండు రోజులకు విడగొడతారు.

తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. మొదటిది భాష. తెలుగు మీడియంలో చదివినవాడికి మాటల జాబితా ఇంగ్లీషులోనో కన్నడంలోనో చదివితే మార్కు తగ్గుతుంది, అవతలి లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుంటాడు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు అని చెప్పి, పరీక్ష ఏ భాషలో జరిగిందో రిపోర్టులో రాయమనండి. రెండోది చదువు. పదో తరగతితో ఆపేసినవాణ్ణి డిగ్రీ అని రాస్తే పోల్చే పట్టికే మారిపోతుంది. చదువుకున్నవాళ్ళది వేరే చిక్కు. ఇంజనీరుకు 30వ పర్సెంటైల్ వస్తే పట్టిక ప్రకారం నార్మలే, అతని పాత స్థాయికి మాత్రం అది పెద్ద పతనం. అందుకే పాత మార్కుల లిస్టులు, ప్రమాదానికి ముందటి అప్రైజల్ కాగితాలు పట్టుకెళ్ళి, గాయానికి ముందు స్థాయి ఎంత ఉండేదో రాయమని అడగాలి. ఫిట్స్ మందులు, నిద్రమాత్రలు, డిప్రెషన్ కూడా మార్కులు తగ్గిస్తాయి. వాడుతున్న మందుల పేర్లు, డోసు చెప్పండి, పరీక్ష కోసం సొంతంగా మానేయకండి. కళ్ళజోడు మర్చిపోతే పరీక్ష దండగ. కావాలని తప్పులు చేస్తున్నారేమో పట్టే పరీక్షలు కూడా ఉన్నాయి. వాటిలో నెగ్గినట్టు రిపోర్టులో ఉంటే బలం, అతి చేస్తే కేసు పోతుంది.

నేరుగా వెళ్ళి పరీక్ష చేయమంటే కుదరదు. న్యూరోసర్జరీ, న్యూరాలజీ లేదా సైకియాట్రీ ఓపీలో చూపించుకుని డాక్టరు చేత రాయించుకోవాలి. తేదీ దొరకడానికి వారాలు పట్టొచ్చు. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ జరుగుతుంది గనక శాశ్వత లోపమని తేల్చే పరీక్ష ఆ తర్వాతే పెట్టుకోవాలి. అలాగని అప్పటిదాకా ఓపీకే వెళ్ళకుండా ఉండొద్దు. మూడో నెలలో ‘తలనొప్పి, మతిమరుపు’ అని ఒక్క ఎంట్రీ కూడా లేకపోతే ఏడాది తర్వాతి రిపోర్టు గాల్లో వేలాడుతుంది.

మొదట చేర్చిన ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో జీసీఎస్ స్కోరు (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె) ఉందో లేదో చూడండి. 13 నుంచి 15 స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. స్పృహ ఎంతసేపు లేదు, దెబ్బ తగిలాక ఎన్ని రోజుల సంగతులు గుర్తులేవు అన్నవి కూడా ఉండాలి. లేకపోతే పూర్తి కేస్ షీటు కాపీ రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డు మూడేళ్ళు దాచితే చాలన్న నియమం ఉంది గనక ఆలస్యం చేయకండి. పోలీసు కేసైతే స్టేషన్‌లో వూండ్ సర్టిఫికేట్ కాపీ కూడా తీసుకోవాలి.

ఇంట్లోవాళ్ళలో ఒకరు తప్పకుండా లోపలికి వెళ్ళాలి. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్ళకు తరచుగా తమ మార్పు తమకే తెలియదు, ‘నాకేం, బాగానే ఉన్నా’ అంటారు. ‘కోపం ఎక్కువైంది’ అంటే డాక్టరు రాసుకునేదేమీ ఉండదు. గ్యాస్ కట్టేయడం ఎన్నిసార్లు మరిచాడు, ఏ తేదీన దారి తప్పాడు, ఉద్యోగం ఎందుకు పోయింది, ఇవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

వాసన పోయినా, చెవి మందగించినా, రెండు రెండుగా కనిపిస్తున్నా ఈఎన్‌టీ, కంటి డాక్టర్ల రిపోర్టులు విడిగా కావాలి. నీరసం విడవకపోతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్ల రక్తపరీక్ష అడగండి, చాలాచోట్ల ఇది తప్పిపోతుంది.

ఇక వైకల్యం సర్టిఫికేట్‌లో రాసే శాతం గొడవ. 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లో తల గాయం అని విడిగా లేదు. కాలూ చెయ్యీ పడిపోతే చలన వైకల్యం కింద కొలుస్తారు. మతి, ప్రవర్తన మారితే మానసిక వ్యాధి కింద ఐడియాస్ అనే వైకల్యం కొలిచే స్కేలుతో కొలుస్తారు. సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం అనే నాలుగింటికీ, జబ్బు ఎన్నాళ్ళుగా ఉందన్నదానికీ కలిపి 20 మార్కులు, లోపం ఎక్కువైతే మార్కులు ఎక్కువ. 7 వస్తే 40 శాతం. ఉద్యోగం చేస్తూ కష్టపడుతున్నవాళ్ళకు ఇందులో తక్కువ పడుతుంది, ఇది పరీక్ష లోపం కాదు, చట్టం గీసిన గీత. ఆధార్ ఆంధ్రలో ఉంటే పింఛను కోసం అక్కడ వైకల్యం సర్టిఫికేట్ ఇచ్చే సదరం శిబిరానికే వెళ్ళాలి, బెంగళూరు రిపోర్టు అక్కడ ఆధారంగా చూపించుకోవచ్చు.

ప్రమాద పరిహారం కేసుకు ఈ శాతం ఒక్కటే సరిపోదు. రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు 2010లో ఇది తేల్చింది: డాక్టరు చెప్పేది శరీర వైకల్యం, సంపాదన ఎంత పోయిందో నిర్ణయించేది ట్రిబ్యునల్. చికిత్స చేయకుండానే ఉదారంగా సర్టిఫికేట్లిచ్చే డాక్టర్ల గురించి అదే తీర్పు హెచ్చరించింది. కోర్టు ఆవరణ దగ్గర మధ్యవర్తులు చూపించే ‘40 శాతం గ్యారంటీ’ క్లినిక్కుల జోలికి అందుకే పోవద్దు. ప్రైవేటులో వారంలో పరీక్ష అయిపోతుంది, ఖర్చు ఎక్కువ. మార్కుల పట్టిక, వాడిన ప్రమాణాల పేరు రిపోర్టులో ఇస్తారా, కోర్టు పిలిస్తే వస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక కౌంటరు దగ్గరే చదవండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ప్రమాదం తేదీ, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, పరీక్షించిన భాష, చదివిన ఏళ్ళు, పర్సెంటైళ్ళు ఉండాలి. చివరి పేరాలో ఈ లోపాలు ఫలానా తేదీ గాయంతో పొసగుతున్నాయన్న వాక్యం లేకపోతే, రాసిన సైకాలజిస్టును అదే రోజు కలిసి అడగండి. ఆర్నెల్ల తర్వాత సవరణ కోసం వెళితే ఆ గదిలో వేరే రెసిడెంటు ఉంటారు.