ఇసుక దిబ్బల మీద డ్రైవింగ్: స్నేహితులతోనా, ట్రైనర్ దగ్గరా, క్లబ్‌లోనా? ఏది మేలు?

దుబాయ్, షార్జా, అబుదాబిల్లో ఉద్యోగం చేసుకుంటూ ప్యాట్రోలో, ప్రాడోనో, పాత పజెరోనో, ఏదో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కున్న మనవాళ్లకి మొదటి చలికాలానికే ఇసుక మీదికి మనసు మళ్లుతుంది. అక్టోబర్ దాటితే ఎండ తగ్గుతుంది. శని, ఆదివారాలు సెలవు. హత్తా రోడ్డులో బిగ్ రెడ్ దిబ్బ, షార్జా వైపు ఫాసిల్ రాక్ చుట్టూ ఉన్న ఇసుక, రెండూ దుబాయ్ నుంచి గంట ప్రయాణంలోపే. బండి ఉంది, ఎడారి ఉంది, ఇక నేర్పేవాళ్లు కావాలి.

సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. ఇప్పటికే వెళ్తున్న స్నేహితుల వెంట పోవడం ఒకటి. ఫీజు కట్టి ట్రైనర్‌ని పెట్టుకోవడం రెండోది. ఆఫ్‌రోడ్ క్లబ్‌లో చేరి కాన్వాయ్‌లో తిరగడం మూడోది. టూరిస్టు సఫారీలో వెనక సీట్లో కూర్చుని కేకలు పెట్టడాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. సరదాకి బాగానే ఉంటుంది గానీ, స్టీరింగ్ ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు మనం నేర్చుకునేదేమీ ఉండదు.

నా ఓటు క్లబ్‌కి. అలాగని క్లబ్బులన్నీ గొప్పవని కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు దిబ్బ సంగతి కొంచెం చెప్పుకోవాలి.

గాలి ఎక్కువగా ఒకే వైపు నుంచి వీచే చోట దిబ్బకి రెండు వైపులూ ఒకేలా ఉండవు. గాలి తగిలే వైపు వాలు తక్కువ, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారిపడి నిలిచిన నిటారు వాలు. అక్కడ 30 డిగ్రీలు దాటుతుంది, ఇసుక మెత్తగా ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట సన్నటి అంచు. ఎక్కడానికి వేగం కావాలి. సగంలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి అక్కడే ఆగిపోతుంది. అదే ఊపుతో అంచు దాటితే ముందు చక్రాలు గాల్లోకి లేచి, బండి మూతి అవతల నేలకి కొట్టుకుంటుంది. బంపర్, రేడియేటర్ పోతాయి, ఒక్కోసారి లోపల కూర్చున్నవాళ్ల నడుం కూడా. ఒక్క క్షణం ముందు వదిలితే బండి పొట్ట భాగం అంచు మీద ఆనుకుని, చక్రాలు ఊరికే తిరుగుతాయి. పైకి వచ్చేదాకా తొక్కాలి, అంచుకి కాస్త ముందు వదలాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, అవతల ఏముందో చూసుకుని మెల్లగా దిగాలి. తొక్కడానికి ధైర్యం కావాలి, వదలడానికి అదుపు కావాలి. ఆ రెండింటికీ మధ్య దొరికే టైమ్ ఒకటి రెండు సెకన్లే.

ఇంకా కొన్ని ఉన్నాయి, మనసు ఒకటి చెబితే చెయ్యి ఇంకొకటి చేయాల్సినవి. వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు బండి కిందికి జారితే, చెయ్యి దానంతటదే స్టీరింగ్‌ని పైకి తిప్పబోతుంది. అలా తిప్పితే బండి పల్టీ కొడుతుంది. కిందికి తిప్పి కొద్దిగా తొక్కాలి. ఎక్కలేక సగంలో ఆగితే అక్కడే యూటర్న్ తీసుకోవాలనిపిస్తుంది. అదీ పల్టీయే. వచ్చిన జాడల్లోనే తిన్నగా రివర్స్‌లో దిగాలి. చదునులో ఆగాలంటే బ్రేక్ కొట్టకూడదు. కొడితే చక్రాల ముందు ఇసుక పోగై, మళ్లీ కదిలేటప్పుడు బండి దిగబడుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపేస్తుంది. ఆపేదేదో మూతి కిందికి ఉండేలా, వాలులో ఆపితే మళ్లీ బయల్దేరడం సులువు.

వీటిని వీడియోలు చూసి ఎవరైనా బట్టీ పట్టొచ్చు. కానీ దిబ్బ మీద చెయ్యి మనసు మాటే వింటుంది, చదివినదాన్ని వినదు. అందుకే నేర్పేవాళ్లని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: ఆ రెండు సెకన్లలో తప్పు చేస్తే నన్ను ఆపేవాళ్లున్నారా? ఆపడమొక్కటే తెలిసి, నాకు నేనుగా నిర్ణయం తీసుకునే అవకాశమే ఇవ్వని వాళ్లా?

స్నేహితులతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువమంది మొదలయ్యేది అక్కడే. ఖర్చు లేదు. పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నానికి దిబ్బ నీడలో బిర్యానీ డబ్బాలు విప్పుకుని, తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ గడపొచ్చు. పరాయి దేశంలో ఆ పూట విలువ నాకు తెలుసు, తీసిపారేయను. ఇబ్బంది అంతా ఎక్కడంటే, ఆ గుంపులో ఎవరూ లీడర్ కాదు. ఎవరికి నచ్చిన దారిలో వాళ్లు పోతారు. ఒక అంచుకి ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు ఎక్కితే ఇద్దరికీ ఎదుటి బండి కనిపించేది పైకి వచ్చాకే. ఎవరైనా వెనకాడితే ఆపేవాళ్లుండరు, "ఏంట్రా, భయమా?" అని ఎగదోసేవాళ్లే ఉంటారు. చలికాలం పొద్దున మంచు పట్టిన ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి ప్రతిదీ సాఫీగా ఎక్కేస్తుంది, ఇక మనకి వచ్చేసిందనుకుంటాం. పదకొండు దాటాక అదే ఇసుక ఆరి మెత్తబడుతుంది, సూర్యుడు నెత్తి మీదికి వచ్చి నీడలు పోతాయి, ఎక్కడ గుంట ఉందో ఎక్కడ వాలు ఉందో కంటికి ఆనదు. పొద్దున వచ్చిన ధైర్యం అప్పుడు నిజంగా ప్రమాదం.

బండి దిగబడ్డాక జరిగేది ఇంకా భయం. తాడు తెచ్చి, వెనక బంపర్ కింద ట్రైలర్ తగిలించే గుండ్రటి టో బాల్‌కి కట్టి లాగేస్తారు. అది ట్రైలర్ బరువు కోసం చేసింది, ఇసుకలో కూరుకున్న రెండున్నర టన్నుల బండిని ఒక్క కుదుపుతో లాగడానికి కాదు. విరిగితే ఆ ఇనుప గుండు తుపాకీ గుండంత ప్రమాదంగా ఎగిరి వస్తుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి. లాగడానికని బండికి కంపెనీ ఇచ్చిన కొక్కేనికే (రికవరీ పాయింట్), ఎంత బరువు ఓర్చుకుంటుందో రాసి ఉన్న ఇనుప బిగింపుతో (షాకిల్) కట్టాలి, లాగేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు. స్నేహితుల గుంపులో ఈ రెండో మాట చెబితే నవ్వుతారు. ఫోన్లు పట్టుకుని తాడు పక్కనే నిలబడి వీడియో తీసేవాళ్లని ఎన్నిసార్లు చూశానో.

ట్రైనర్ సంగతి వేరు. ఆయన మన బండిలోనే పక్క సీట్లో కూర్చుంటాడు. రోడ్డు మీద 32, 35 పీఎస్‌ఐ ఉండే టైర్లని ఎందుకు 15కి, మెత్తటి చోట 12కి దించాలో చెబుతాడు. గాలి తగ్గితే టైరు నేలని ఆనే భాగం పొడవు పెరిగి, బరువు పరుచుకుని, బండి ఇసుకలో తక్కువ దిగుతుంది. మరీ తగ్గించి ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడిపోతుంది. చక్రం ఊరికే తిరగకుండా ఇంజన్ బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఎప్పుడు ఆపాలి, వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజ్ గేరు ఎప్పుడు వేయాలి, దిగబడితే తొక్కుతూనే ఉండకుండా ఎప్పుడు ఆపాలి, పారతో ఎక్కడ తవ్వాలి, ఇవన్నీ ఒక్క పూటలో వరసగా చెప్పేవాడు ట్రైనరే. క్లబ్‌లో ఈ 'ఎందుకు' అనేదానికి అంత ఓపిగ్గా జవాబు దొరకదు. కాబట్టి అర్థం చేసుకోవడం వరకు ట్రైనర్‌కే మార్కులు.

ధైర్యం దగ్గరికి వచ్చేసరికి ఆ మార్కులు తగ్గుతాయి. పల్లెల్లో నడుముకి బెండు కట్టి బావిలోకి దింపితే పిల్లలు మునగరు, కానీ బెండు విప్పిన రోజు వరకు ఈత వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ట్రైనర్ పక్కనుంటే "ఇప్పుడు వదులు", "తిన్నగా", "ఆగు" అంటూనే ఉంటాడు. కళ్లు ఆయనవి, కాలు మాత్రమే మనది. ఫీజు కూడా తక్కువేమీ కాదు కాబట్టి మళ్లీ మళ్లీ పిలవలేం. ఒకటి రెండు క్లాసులయ్యాక సర్టిఫికెట్‌తో ఒంటరిగా ఇసుకలోకి దిగే మనిషి, నా లెక్కలో స్నేహితుల గుంపులో ఉన్నవాడికన్నా పెద్ద భద్రంగా ఏమీ లేడు.

ఇక క్లబ్. యూఏఈలో ఇవి చాలా ఉన్నాయి, ఎక్కువగా వాలంటీర్లు నడిపేవే. చాలా క్లబ్బుల్లో డ్రైవ్‌కి డబ్బు తీసుకోరు, లేదా నామమాత్రం. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. కొత్తవాళ్లు అట్టడుగు లెవెల్‌లో మొదలవుతారు. కొన్ని డ్రైవ్‌లు చూశాక పైవాళ్లు తృప్తి చెందితేనే తర్వాతి లెవెల్. లెవెల్ లేకుండా పెద్ద డ్రైవ్‌కి వస్తానంటే రానివ్వరు. దక్షిణాన ఎంప్టీ క్వార్టర్ అనే మహా ఎడారి అంచులో ఉన్న లివా, దాదాపు 300 మీటర్ల మోరీబ్ దిబ్బ ఉన్న ప్రాంతం, కొత్తవాడికి ఎన్నో నెలల దూరం.

డ్రైవ్‌లో ముందు లీడ్ బండి, చివర స్వీప్ బండి. మధ్యలో మన నంబరు మనది. ఓవర్‌టేక్ లేదు. లీడ్ వేసిన జాడలోనే పోవాలి. ముందు బండి అంచు దాటి, వాకీటాకీలో 'క్లియర్' అన్నాకే మనం ఎక్కాలి. బండికి పొడవాటి జెండా కట్టుకోవాలి, అంచు అవతలి నుంచి కూడా కనపడేలా. అద్దంలో వెనక బండి కనపడకపోతే ఆగి ముందుకి చెప్పాలి. ఒంటెల మందలకి, ఘాఫ్ చెట్లకి దూరంగా పోవాలి. ఈ ఘాఫ్ మన జమ్మి చెట్టే. అక్కడ జాతీయ వృక్షం, తెలంగాణకి రాష్ట్ర వృక్షం. దసరాకి దండం పెట్టుకునే చెట్టు ఇసుక మధ్య ఒంటరిగా నిలబడి కనిపిస్తే, దాని వేళ్ల మీదుగా టైరు ఎక్కించబుద్ధి కాదు. కాన్వాయ్‌లో ఆ ఆలోచన కూడా మనకి వదలరు, చుట్టూ తిరిగి పోవాల్సిందే.

మొదట్లో ఇదంతా విసుగే. ఎవరో ఒకరు దిగబడతారు, అందరూ ఆగుతారు, అరగంట పోతుంది. నా దృష్టిలో అసలు బడి ఆ అరగంటే. ఎందుకు దిగబడ్డాడో కళ్ల ముందే కనపడుతుంది: వేగం తగ్గిందా, జాడ తప్పాడా, అంచు మీద ముందే వదిలాడా. సొంతంగా చేయకుండానే తప్పులన్నీ చూసేస్తాం. తర్వాత మన వంతు వస్తుంది. పక్క సీట్లో ఎవరూ లేరు, కాలు మనదే, నిర్ణయం మనదే. కానీ మాట వినకపోతే రేడియోలో ఒక గొంతు పేరు పెట్టి పిలిచి ఆపుతుంది. మళ్లీ వినకపోతే స్వీప్‌తో పాటు రోడ్డు మీదికి పంపేస్తారు. ఆపేవాళ్లూ ఉంటారు, నిర్ణయమూ మనదే అవుతుంది. మిగతా రెండు దారుల్లో ఇవి రెండూ కలిసి దొరకవు.

క్లబ్‌లో లోపాలు లేవా అంటే బోలెడు. ఇరవై బండ్ల కాన్వాయ్‌లో పదిహేనోవాడికి దిబ్బ చదవడం రాదు. ముందువాళ్ల జాడ తప్ప వేరేదేమీ చూడడు. రెండేళ్లు జాడల్లో తిరిగి, ఒకసారి ముందుకి రమ్మంటే చేతులెత్తేసినవాళ్లున్నారు. లెవెల్ కోసం పరుగెత్తేవాళ్లుంటారు, ప్రమోషన్ రాకపోతే అలిగేవాళ్లుంటారు. కొందరు సీనియర్ల గొంతు మరీ మిలిటరీలా ఉంటుంది. అలాంటి చోట అదుపు నేర్చుకోవచ్చు గానీ నమ్మకం పెరగదు, ఉన్నది పోతుంది.

డబ్బు, టైమ్, ఇల్లు కలిపి చూస్తే ఇలా తేలుతుంది. రెండింటికీ స్తోమత ఉంటే ఒక్క పూట ట్రైనర్‌తో మొదలుపెట్టి, ఆ చలికాలమంతా క్లబ్‌తో తిరగండి. జాడలు ఎందుకు అలా ఉన్నాయో అప్పుడు అర్థమవుతుంది. ఒక్కటే వీలైతే క్లబ్. షిఫ్టుల వల్ల శని, ఆదివారాలు దొరకనివాళ్లకి ట్రైనరే దిక్కు, కానీ తర్వాత ఒంటరిగా వెళ్లొద్దు, కనీసం ఇంకో రెండు బండ్లుండాలి. లో రేంజ్ లేని క్రాసోవర్ (ఎస్‌యూవీలా కనిపించే కారు) ఉన్నవాళ్లు మూడింటిలో దేనికీ వెళ్లకపోవడం మంచిది, గేర్‌బాక్స్ వేడెక్కిపోతుంది. అద్దె బండి అయితే కాంట్రాక్ట్ చదవండి, ఆఫ్‌రోడ్ మామూలుగా నిషేధమే. సొంత బండికి ఇన్సూరెన్స్‌లో ఆఫ్‌రోడ్ కవర్ ఉందో లేదో చూసుకోండి. పోలీసు రిపోర్టు లేకుండా అక్కడ గ్యారేజీలు ప్రమాదంలో దెబ్బతిన్న బండిని బాగుచేయవు.

స్నేహితులతో బిర్యానీ ట్రిప్పు ఎక్కడికీ పోదు. గుంపులో ఇద్దరైనా క్లబ్‌లో పై లెవెల్ దాకా వచ్చినవాళ్లుంటే, వాళ్లలో ఒకరిని లీడ్‌గా, ఒకరిని స్వీప్‌గా అందరూ ఒప్పుకుంటే, వెళ్లొచ్చు. ఒప్పుకోరు అనుకుంటే కార్పెట్ రోడ్డు పక్కనే పరవండి.

క్లబ్ ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్ల డ్రైవ్‌లో ఒక్కో సీనియర్‌కి ఎన్ని బండ్లు అని అడగండి. ప్రతి బండికీ రేడియో తప్పనిసరా అని అడగండి. ఆ తర్వాత, "మొదటి డ్రైవ్‌కి మా ఆవిడనీ పిల్లల్నీ తీసుకురావచ్చా?" అని అడిగి చూడండి. "తప్పకుండా రండి, ఫ్యామిలీ డ్రైవే" అని వెంటనే అన్నవాళ్ల దగ్గర కాస్త ఆలోచించండి. "ముందు మీరొక్కరే రండి, ఎలా నడుపుతారో చూశాక వాళ్ల సంగతి చూద్దాం" అన్నవాళ్ల దగ్గర పేరు రాయించుకోండి.