గది పాడటం మానేసింది: రాక్‌వూల్ ప్యానెళ్లతో మూడేళ్లు

పాట బాగా రికార్డు కావడం లేదని నేను మొదట మైకు మార్చాను. కొత్త కండెన్సర్ మైకు నా గొంతుతో పాటు గదిని కూడా మరింత స్పష్టంగా పట్టింది. పల్లవి చివరి అక్షరం నేను వదిలేసినా గోడలు వదిలేవి కావు. పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్ పెట్టగానే ఆ మోత ఇంకా పైకి లేచేది.

తరువాత గోడల నిండా 2.5 సెంటీమీటర్ల ఫోమ్ అంటించాను. చప్పట్లు కొడితే ఖంగుమనడం ఆగింది కానీ, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు మారింది. పలుచని ఫోమ్ హెచ్చు ఫ్రీక్వెన్సీలనే, అంటే సన్నని కీచు ధ్వనులనే మింగుతుంది. 250 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 1.4 మీటర్లు. అంత తరంగాన్ని ఆ కాస్త మందం ఏం ఆపుతుంది?

అప్పుడు చెక్క చట్రాల్లో 10 సెంటీమీటర్ల రాక్‌వూల్ (రాయిని కరిగించి తీసిన పీచు) బిగించి, గుడ్డ చుట్టి మూడు ప్యానెళ్లు చేసుకున్నాను. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, ఎంపికకు అదే పరీక్ష. ఆ పీచు చర్మానికి గుచ్చుకుంటుంది, చేతి తొడుగులూ మాస్కూ తప్పనిసరి.

మొదట వాటిని మైకు వెనుక నిలబెట్టాను. పెద్దగా తేడా రాలేదు. కార్డియాయిడ్ మైకు వినేది ముందు వైపు, అంటే నా వైపు. నా వెనుక గోడకు తగిలి తిరిగి వచ్చే శబ్దమే నేరుగా అందులో పడుతోంది. రెండు ప్యానెళ్లను గోడకు జానెడు దూరంలో నా వీపు వెనుకకు మార్చి, మూడోదాన్ని తలపైన వేలాడదీశాను. ఆ రోజు హెడ్‌ఫోన్స్‌లో చరణానికి ముందు తీసుకున్న ఊపిరి కూడా విడిగా వినిపించింది. మళ్లీ మళ్లీ అదే ముక్క విన్నాను.

మైకుకు 30 సెంటీమీటర్ల నుంచి 15కు జరగడం కూడా చాలా మేలు చేసింది. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. 100 హెర్ట్జ్‌కు దిగువన మోత పెద్దగా తగ్గలేదు. బయటి చప్పుళ్లను ఇవి ఆపవు, ఆ పని బరువైన గోడలది. ఒక ప్యానెల్ గుడ్డ రెండో ఏడు జారితే మళ్లీ బిగించాను. మిగతా గోడలను మాత్రం కావాలనే ఖాళీగా ఉంచాను. మొత్తం కప్పేసిన గదిలో నా గొంతు నాకే నిర్జీవంగా వినిపించి, గట్టిగా పాడేస్తుంటాను.

చేసుకునే ముందు మందపాటి దుప్పట్లు రెండు వీపు వెనుక వేలాడదీసి ఒక్క చరణం రికార్డు చేసి చూడండి. ఆ కాస్త తేడా వినిపించినా ప్యానెళ్లకు చెక్క కొలవవచ్చు.