మూడేళ్ల లిథియం పాలిమర్: నా ఎలక్ట్రిక్ సైకిల్‌కి బ్యాటరీ మార్చాక తెలిసినవి

మొన్న ఆదివారం బ్యాటరీ పెట్టె విప్పి, ఆరు ప్యాక్‌లూ బల్ల మీద పరిచి, ముప్పై ఆరు సెల్లూ ఒక్కొక్కటే మీటరు పెట్టి చూశాను. రెండు నెలలకోసారి చేసే పనే ఇది. కానీ ఈసారితో మూడేళ్లు నిండాయి. నోటుబుక్కులో రాసుకున్న అంకెలు చూస్తుంటే, లెడ్ యాసిడ్ తీసేసి లిథియం పాలిమర్ పెట్టే ఇదే మార్పు చేద్దామా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లకు పనికొస్తాయనిపించింది.

నాది వెనక చక్రంలో హబ్ మోటారు, మోటారుకి కరెంటు పంపే 48 వోల్టుల కంట్రోలర్, గరిష్ఠంగా 20 ఆంపులు తీసుకునే సైకిల్. మొదట్లో దాంట్లో 12 వోల్టుల, 12 ఆంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు ఉండేవి. ఒక్కోటి నాలుగు కిలోలు. మొత్తం పదహారు కిలోలు వెనక క్యారియర్ మీదే. స్టాండ్ తీసి పట్టుకుంటే బండి వెనక్కి లాగేది, మెట్లెక్కించాలంటే ఇంకొకరి సాయం కావాల్సి వచ్చేది. లెక్కప్రకారం (వోల్టులు ఇంటూ ఆంప్-అవర్లు) వాటిలో ఉండే శక్తి 576 వాట్-అవర్లు. కానీ లెడ్ యాసిడ్ మీద రాసే ఆంప్-అవర్ల లెక్క ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చేది. అంటే అర ఆంపు చిల్లర. మనం పదిహేను ఇరవై ఆంపులు లాగితే అందులో అరవై శాతం చేతికొస్తే గొప్ప. కొత్తలో 22, 23 కిలోమీటర్లు వచ్చేది. ఏడాది తిరిగేసరికి పద్నాలుగుకి పడిపోయింది. ఎత్తు ఎక్కుతుంటే వోల్టేజి జారిపోయి కంట్రోలర్ మధ్యలోనే ఆపేసేది.

కొత్తగా పెట్టింది ఆరు సెల్లుల లిథియం పాలిమర్ ప్యాక్‌లు ఆరు. ఒక్కో ప్యాక్ 22.2 వోల్టులు, 5 ఆంప్-అవర్లు, బరువు ముప్పావు కిలో. మూడేసి పారలల్‌గా, అంటే ప్లస్‌కి ప్లస్ కట్టి, ఆ రెండు గుంపుల్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపాను. అలా 44.4 వోల్టులు, 15 ఆంప్-అవర్లు, 666 వాట్-అవర్లు. బరువు నాలుగున్నర కిలోలు. పద్నాలుగు సెల్లుల వరస కాకుండా పన్నెండే ఎందుకంటే, నా కంట్రోలర్ లెడ్ యాసిడ్ కోసం చేసింది, 42 వోల్టుల దగ్గర ఆపేస్తుంది. పన్నెండు సెల్లుల మీద పంచితే ఒక్కోదానికి 3.5 వోల్టులు. లిథియం పాలిమర్‌ని ఆపాల్సిన చోటు దాదాపు అదే. పద్నాలుగు పెడితే అదే 42 వోల్టులు సెల్లుకి 3.0 అవుతుంది, అంటే పూర్తిగా పిండేసినట్టే. పైగా నిండుగా ఉన్నప్పుడు 58.8 వోల్టులు వచ్చి, కంట్రోలర్‌లోని 63 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్లకు మిగిలే తావు చాలా తక్కువ. మీ కంట్రోలర్ ఎక్కడ ఆగుతుందో ముందు కొలుచుకోండి, సెల్లుల సంఖ్య ఆ తర్వాతే తేల్చండి.

ఇంకో మాట. ప్యాక్ మీద పెద్ద అక్షరాలతో 40సి, 60సి అని రాసి ఉంటుంది. సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు తీయొచ్చో చెప్పే లెక్క అది, 5 ఆంప్-అవర్ల ప్యాక్‌కి 1సి అంటే 5 ఆంపులు. సైకిల్‌కి అంత అక్కర్లేదు. 20 ఆంపులు మూడు ప్యాక్‌లు పంచుకుంటే ఒక్కోదాని మీద ఏడు ఆంపుల లోపే, అంటే 1.3సి. ఆ సంఖ్య పెరిగేకొద్దీ అదే సామర్థ్యానికి బరువూ ఖర్చూ పెరుగుతాయి. నేను 20సి తీసుకున్నాను, ఇప్పటివరకు ఒక్కసారి కూడా ప్యాక్ చేతికి వేడిగా తగల్లేదు.

తొక్కుతుంటే తేడా మొదటి ఎత్తులోనే తెలిసింది. పాత బ్యాటరీలతో పూర్తి థ్రాటిల్ ఇస్తే మీటరు ఐదారు వోల్టులు కిందికి పడేది. ఇప్పుడు ఒక వోల్టు కూడా పడదు. పదకొండున్నర కిలోలు దిగిపోవడంతో వెనక చక్రం గోతుల్లో అంత గట్టిగా కొట్టుకోవడం లేదు, మలుపుల్లో బండి చెప్పినట్టు వింటోంది. కొద్దిగా పెడల్ తొక్కుతూ కిలోమీటరుకి 15 వాట్-అవర్ల చొప్పున వాడతాను, 35 కిలోమీటర్లు నిక్కచ్చిగా వస్తాయి. చివరిదాకా దాదాపు అదే ఊపు. సుఖమంతా అందులోనే ఉంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. లెడ్ యాసిడ్ అయిపోతుంటే బండి ముక్కుతూ మూలుగుతూ ముందే చెప్పేది. ఇది సెల్లుకి 3.6 వోల్టులు దాటి కిందికి వచ్చిందంటే గోడ మీంచి జారినట్టు పడిపోతుంది.

చార్జర్ సంగతి అన్నిటికంటే ముఖ్యం. 48 వోల్టుల లెడ్ యాసిడ్ చార్జర్ 58, 59 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. నా ప్యాక్ నిండేది 50.4కి. పొరపాటున పాత చార్జర్ తగిలిస్తే సెల్లుకి 4.9 వోల్టులు పడతాయి, నిప్పు పుట్టడానికి అది చాలు. కొత్త ప్యాక్ బిగించిన రోజే పాత చార్జర్ ప్లగ్ కత్తిరించి పారేశాను. ఇంట్లో ఇంకెవరైనా తెలియక తగిలించే అవకాశమే ఉండకూడదు. ఇప్పుడు 49.2 వోల్టులకు, 5 ఆంపులకు బిగించిన సప్లైతో ఎక్కిస్తున్నాను. అంటే సెల్లుకి 4.1. ఆ పదో వంతు వోల్టు వదులుకుంటే సెల్లుల ఆయుష్షు బాగా పెరుగుతుంది. పది చార్జింగులకోసారి బ్యాలెన్స్ చార్జర్ పెట్టి సెల్లులన్నీ ఒక మట్టానికి తెస్తాను.

ప్యాక్‌లు పారలల్‌గా కలిపేటప్పుడు తొందరపడకండి. రెండింటి మధ్య సెల్లుకి 0.2 వోల్టుల తేడా ఉందనుకుందాం, ఆరు సెల్లులకు అది 1.2 వోల్టులు. లోపలి నిరోధం సెల్లుకి నాలుగు మిల్లీ ఓములే కాబట్టి, కలిపిన క్షణంలో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాతిక ఆంపుల దాకా దూకుతుంది. ముందు లావు తీగలు కలపాలి, ఆ తర్వాతే ఒక్కో సెల్లు నుంచీ వచ్చే సన్నటి బ్యాలెన్స్ తీగలు. వరస తప్పితే ఆ కరెంటంతా సన్న తీగల్లోంచే పోయి వాటిని కాల్చేస్తుంది. కంట్రోలర్‌కి తగిలించేటప్పుడు కెపాసిటర్లు నిండడం వల్ల వచ్చే నిప్పురవ్వ మామూలు కనెక్టర్‌ని కొన్ని నెలల్లో గుంటలు పడేలా తినేస్తుంది. లోపలే రెసిస్టర్ ఉన్న ఎక్స్‌టీ90-ఎస్ అనే కనెక్టర్ పెట్టాక ఆ చప్పుడే లేదు.

మొదటి ఏడాది వేసవిలో నావల్ల ఒక తప్పు జరిగింది. బయల్దేరే ముందు రోజు నిండా ఎక్కించాను, ప్రయాణం ఆగిపోయింది, సైకిల్ అలాగే వేడిగదిలో ఐదు వారాలు ఉండిపోయింది. పెట్టె తెరిస్తే ఒక ప్యాక్ దిండులా ఉబ్బి ఉంది. సెల్లు నిండుగా ఉండటం, దానికి వేడి తోడవడం: ఈ రెండూ కలిస్తే లోపలి ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. గుండ్రటి సెల్లుకి ఉక్కు డబ్బా ఉంటుంది, దీనికున్నది పల్చటి అల్యూమినియం సంచి, అందుకే ఉబ్బు బయటికి కనిపిస్తుంది. అన్నట్టు, పాలిమర్ అన్న పేరు చూసి లోపలంతా గట్టి పదార్థం అనుకునేరు. ఈ ప్యాక్‌లలో ఉండేది కూడా మండే ఎలక్ట్రోలైటే. ఆ ప్యాక్‌ని ఆరుబయట లారీ బల్బు పెట్టి నెమ్మదిగా ఖాళీ చేసి, మొనలకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో ఇచ్చాను. అప్పటినుంచి రెండు రోజులకు మించి బండి ఆగుతుందంటే సెల్లుకి 3.8 దగ్గరే ఉంచుతాను. ఆ తర్వాత ఒక్కటీ ఉబ్బలేదు.

రెండో ఏడు ఇంకోటి తెలిసింది. కంట్రోలర్ మొత్తం వోల్టేజినే చూస్తుంది, సెల్లుల్ని చూడదు. ఒక గుంపులో మూడో సెల్లు వరస బలహీనపడింది. మిగతావి 3.6లో ఉన్నా అది 3.1కి దిగిపోయింది. మొత్తం మాత్రం 43 చూపిస్తోంది, బండి హాయిగా పోతోంది. నన్ను ఆపింది బ్యాలెన్స్ తీగకు తగిలించిన చిన్న అలారం. గోరంత వస్తువది, అది లేకుండా ఒక్క కిలోమీటరు కూడా వెళ్లకండి. నావి రెండున్నాయి, గుంపుకొకటి, 3.4 దగ్గర కూసేలా పెట్టాను.

చార్జింగ్ ఎప్పుడూ ఆరుబయటే, ఇనుప పెట్టెలో, మూత బిగించకుండా. మూత బిగిస్తే వాయువు పోయే దారి ఉండదు. నేను మెలకువగా ఉన్నప్పుడే, కనుచూపు మేరలోనే. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. ఈ ఒక్క నియమంలో నేను ఎవరి మాటా వినను.

ఇక మొన్నటి అంకెలు. దాదాపు నాలుగొందల చార్జింగుల తర్వాత 15 ఆంప్-అవర్లకు 12.6 మిగిలాయి. లోపలి నిరోధం నాలుగు మిల్లీ ఓముల నుంచి తొమ్మిదికి పెరిగింది. ఉబ్బిన ప్యాక్‌తో పాటు బలహీన సెల్లున్న ప్యాక్‌ని కూడా మార్చాను, మిగతా నాలుగూ మొదటివే. లెడ్ యాసిడ్ అయితే ఈపాటికి మూడో సెట్టు మీద ఉండేవాణ్ణి.

మా తమ్ముడు కూడా తన సైకిల్‌కి ఇలాగే చేసిపెట్టమన్నాడు. వద్దన్నాను. వాడు రాత్రి చార్జింగ్ పెట్టి పడుకునే రకం, మీటరు పట్టుకునే ఓపిక లేదు. గుండ్రటి సెల్లులతో, ఒక్కో సెల్లునీ కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్‌తో వచ్చే రెడీమేడ్ ప్యాక్ తీసుకోమన్నాను. బరువు కాస్త ఎక్కువైనా పరవాలేదు. వాడికి అదే సరైనది. నాకు మాత్రం రెండు నెలలకోసారి ఈ ముప్పై ఆరు సెల్లులూ కొలవడం ఇష్టమైన పని. ఇవి పది ఆంప్-అవర్లకు దిగాక మళ్లీ లిథియం పాలిమరే వేస్తాను, కాకపోతే ఈసారి అలారాలతో పాటు మొదటి రోజునుంచే బీఎంఎస్ కూడా ఉంటుంది.