నాలుగు స్టార్లు, ఒకటి కత్తిరించాను

పరకాలలో లేడీస్ టైలర్‌ని. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. పోయినేడు అమ్మకు సీటీ స్కాన్ చేయించి ఇంటికి తెచ్చిన రాత్రి ఆ టేపుతోనే ఆమె చేతులు కొలిచాను. ఎడమ ముంజేయి 9 అంగుళాలు, కుడిది 11. స్కాన్ బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు నరంలోకి పోకుండా పక్కన కండలోకి పోయింది. అడిగితే ఆ సెంటర్ వాళ్లు "ఏం కాదు, తగ్గిపోతుంది" అన్నారు. నాలుగు రోజులకు తగ్గింది కూడా. కానీ ఆ నాలుగు రోజులు ఆమె అన్నం ఎడమచేత్తో తిన్నది.

అందుకే పోయిన నెల బాపుకు కడుపు స్కాన్ కాంట్రాస్ట్‌తో తీయాలని డాక్టర్ రాసినప్పుడు ఆ పాత చోటికి పోలేదు. తెలిసినవాళ్లు చెబితే హనుమకొండలో ఈ సెంటర్‌కు తీసుకెళ్లాను. బాపుకు 68 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. రెండు నెలల్లో 5 కిలోలు తగ్గాడు.

మొదట నాకు కోపమే వచ్చింది. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వస్తే కౌంటర్‌లో అమ్మాయి డబ్బు కట్టించుకోకుండా "క్రియాటినిన్ రిపోర్ట్ ఉందా అక్కా?" అంది. కిడ్నీల కోసం చేసే రక్తపరీక్ష అది. ఉంది, చూపించాను. నాలుగు నెలల నాటిది. "షుగర్ ఉన్నవాళ్లకు ఇంత పాతది పనికిరాదు, కొత్తది చేయించాలి" అని అక్కడే రక్తం తీయించింది. గంటన్నర పోయింది. బాపు బెంచీ మీద కూర్చుని "పైసలు గుంజుడు కాకపోతే ఏంది బిడ్డా ఇది" అంటూనే ఉన్నాడు. నాకూ అదే అనిపించింది.

రిపోర్ట్‌లో క్రియాటినిన్ 1.4, దాని కింద ఈజీఎఫ్‌ఆర్ 55 అని ఉంది. స్కాన్ చదివే డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క ఆ 55 అట. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే చాలదు, అదే 1.4 పాతికేళ్ల కుర్రాడికి ఒక అర్థం, ఈయన వయసుకు ఇంకో అర్థం అంది. 30 కన్నా తక్కువుంటే ఈ స్కాన్ ఇప్పుడే అవసరమా, వేరే దారి ఉందా అని మీ డాక్టర్‌తో మాట్లాడేదాన్ని, 55కి భయం లేదు అని చెప్పింది.

తర్వాత గోలీలన్నీ బల్ల మీద పెట్టమంది. అక్కడ దొరికిపోయాడు మా బాపు. మా గల్లీ ఆర్‌ఎంపీ "స్కాన్ సూదికి ముందు షుగర్ గోలీ బంద్ చెయ్యాలె" అన్నాడని మూడు రోజుల నుంచి మెట్‌ఫార్మిన్ వేసుకోవడం లేదు. నాకు చెప్పలేదు. ఆ పొద్దున పరగడుపు షుగర్ 248. డాక్టరమ్మ తిట్టలేదు గానీ కళ్లద్దాలు తీసి చూసింది. ఆ ఆర్‌ఎంపీ మాటలో సగం నిజం ఉందట. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీల దారినే. కిడ్నీలు బాగా చెడినవాళ్లకు, అంటే ఆ లెక్క 30 లోపు ఉన్నవాళ్లకు, లేదా ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, స్కాన్ రోజు ఆ గోలీ ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ మళ్లీ చూసి మొదలుపెట్టిస్తారు. ఆపకపోతే ఆ మందు ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. మా బాపు లెక్కకు ఆపే పనే లేదు. "మీ డాక్టర్ ఆపమంటే ఆపండి, పక్కింటాయన అంటే కాదు" అంది. ఆర్‌ఎంపీ మా పక్కింటాయనే. ఆమెకు ఎలా తెలిసిందో!

ఆ తర్వాత ఒకబ్బాయి ఫారం పట్టుకొచ్చి ప్రశ్నలు అడిగాడు. ఇంతకు ముందు ఈ సూది వేయించుకున్నారా, అప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా, ఆస్తమా ఉందా, థైరాయిడ్ ఉందా, ఏ మందు అయినా పడదా. ఆడవాళ్లయితే కడుపుతో ఉన్నారా అనీ అడుగుతారు. "ఎండు రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లొస్తాయి" అన్నాడు బాపు. నా గుండె జారింది. రొయ్యల్లో అయోడిన్ ఉంటుంది, ఈ మందులోనూ అయోడిన్ ఉంటుంది కాబట్టి స్కాన్ చేయరని ఎక్కడో విన్నాను. అబ్బాయి రాసుకుని, పడనిది రొయ్యల్లోని ప్రొటీన్ గానీ అయోడిన్ కాదు, ఇదొక్కటే కారణంగా స్కాన్ ఆపం అన్నాడు. అసలు చూసుకోవాల్సింది ఇంతకు ముందు ఇదే రకం మందు పడకపోవడమట.

దానికి సాక్ష్యం మా పక్కనే కూర్చుంది. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒకావిడ. కిందటిసారి ఎక్కడో స్కాన్‌లో ఒళ్లంతా దద్దుర్లొచ్చాయని ఫారంలో చెప్పింది. అంతే, ఆమె స్కాన్ మర్నాటికి మార్చారు. మర్నాడు 10 గంటలకు స్కాన్ అనుకుంటే ముందు రోజు రాత్రి 9కి, తెల్లవారుజామున 3కి, పొద్దున 9కి స్టెరాయిడ్ గోలీలు, చివరి దాంతో ఒక అలర్జీ గోలీ. అంటే 13 గంటల ముందు, 7 గంటల ముందు, ఒక గంట ముందు. ఇలా వేసుకున్నా మళ్లీ రాదని పూర్తిగా చెప్పలేమని, అందుకే అప్పుడు ఏ మందు ఎక్కించారో తెలిస్తే ఈసారి వేరేది వాడతామని అడిగారు. ఆమె దగ్గర ఆ కాగితం లేదు. బస్ చార్జీలు ఎవరిస్తారని ఆమె గొడవ. ఆమె తప్పు లేదు, ఇది ఫోన్‌లోనే అడిగి ఉంటే ఆమెకు ఒక రోజు మిగిలేది. ఆ గొడవ చూశాను కాబట్టి, స్కాన్ అయ్యాక నేను మాత్రం బాపుకు ఎక్కించిన మందు పేరు బిల్లు వెనకాల రాయించుకున్నాను: అయోహెక్సాల్ 350, 80 మి.లీ., ఏ ఇబ్బందీ రాలేదు.

ఇక సూది. ఇక్కడే నా టైలర్ కన్ను పనిచేసింది. అమ్మకు పోయినేడు అరచేతి వెనక సన్నటి నరానికి నీలం రంగు సూది పెట్టారు. ఇక్కడ గులాబీ రంగుది తీసి మోచేతి మడతలో పెట్టారు. గులాబీది 20 నంబరు, నీలంది 22. చేతికుట్టు సూదుల్లాగే నంబరు పెరిగే కొద్దీ సన్నం. ఈ మందును మనిషి చేత్తో ఎక్కించడు, మిషన్ సెకనుకు 3 మి.లీ. చొప్పున నెడుతుంది. సన్నటి నరం ఆ ఒత్తిడికి చిట్లిపోవచ్చు. సూది పెట్టాక ముందు ఉప్పునీళ్ల సిరంజితో గట్టిగా నెట్టి చూశారు. "తాతా, మంటగా ఉందా, ఉబ్బినట్టుందా?" అని రెండుసార్లు అడిగారు. మందు సీసా వేడిపెట్టెలోంచి తీశారు, 37 డిగ్రీలు. మందు తేనెలా చిక్కగా ఉంటుందట, ఒంటి వేడికి తెస్తే పలచబడి తేలిగ్గా పోతుందట. అమ్మ చేయి సంగతి చెబితే సిస్టర్, అలా జరిగితే వెంటనే మిషన్ ఆపి, చేయి గుండె కన్నా ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టాలంది. వేళ్లు తిమ్మిరెక్కినా, బొబ్బలొచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించాలట. మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

లోపలికి పంపే ముందు బాపుకు ఇంకో మాట చెప్పారు. మందు పోతుంటే గొంతు నుంచి కిందికి వేడి పాకుతుంది, నోట్లో ఇనుము రుచి వస్తుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, నిజంగా పోదు, అర నిమిషంలో తగ్గుతుంది. అంత చెప్పినా బాపు బయటికి రాగానే నా చెవిలో "బిడ్డా, పంచె తడిసిందేమో చూడు" అన్నాడు. తడవలేదు. మేమిద్దరం నవ్వుకున్నాం. అమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. బట్టల్లో పోసుకున్నానేమో అనుకుని ఆ రోజు బల్ల మీదే ఏడ్చింది.

స్కాన్ అయ్యాక చేతికున్న సూది తీయలేదు. సిస్టర్ కుర్చీకి ఎదురుగా 30 నిమిషాలు కూర్చోబెట్టారు. పెద్ద రియాక్షన్లు ఎక్కువగా ఈలోపే వస్తాయట. ఆమె పక్కన ఎర్రటి ట్రే, పైన అడ్రినలిన్ అని తెలుగులో రాసి అంటించిన కాగితం. గొంతు వాచినా బీపీ పడిపోయినా మొదటి సూది అదే, తొడకు వేస్తారు. తర్వాతవి ఎక్కించడానికి నరం వెతుక్కునే పని లేకుండా చేతికున్న సూది ఉంచుతారట. బాపు పరకాల బస్సు పోతుందని లేవబోతే "కూర్చో తాతా, బస్సు ఇంకోటి వస్తది" అని సిస్టర్ కదలనివ్వలేదు. దద్దుర్లు వారం లోపల ఎప్పుడైనా రావచ్చని ఒక ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది. రాలేదు.

ఇంత చెప్పి ఒక స్టార్ ఎందుకు కత్తిరించానంటే, ఆ ఫారం మొత్తం ఇంగ్లిషులో ఉంది. అంత ముఖ్యమైన ప్రశ్నలు అబ్బాయి గడగడా చదివి వేలిముద్ర కోసం ప్యాడ్ చాపాడు. బాపుకు తెలుగు చదవడం వచ్చు, పేపరు రోజూ చదువుతాడు. తెలుగులో అచ్చు వేయిస్తే సంతకమే పెట్టేవాడు. రెండోది, ముందు రోజు ఫోన్‌లో మాట్లాడిన మనిషి "రాత్రి నుంచి నీళ్లు కూడా తాగొద్దు" అన్నాడు. తీరా ఇక్కడికొచ్చాక స్కాన్ కోసమని లీటరు నీళ్లు గంటలో తాగించారు. ఒళ్లు ఎండిపోకుండా ఉంటేనే కిడ్నీకి మంచిదని డాక్టరమ్మే చెప్పింది. మరి ఆ ఫోన్ మనిషికి ఎవరూ చెప్పలేదా? షుగర్ మనిషి పొద్దున్నుంచి నాలుక పిడచకట్టుకుని కూర్చున్నాడు. మూడోది, మందు సీసాకు విడిగా 1,200 అని బిల్లు చేతికొచ్చేదాకా తెలియలేదు.

స్కాన్ గదిలో ఏసీ మాత్రం గడ్డకట్టించేలా ఉంటుంది, వాళ్లిచ్చే దుప్పటి పలచన. ముసలివాళ్లను తీసుకెళ్తే ఇంటి నుంచి ఒకటి పట్టుకెళ్లండి. సోమవారం పోకండి, బెంచీలు ఖాళీ ఉండవు.